పళ్ల క్లిప్పులు: నొప్పి వేరు, ప్రమాదం వేరు

పళ్లకు క్లిప్పులు వేయించుకున్నవాళ్లు సుమారు ఏడాదిన్నర నుంచి రెండేళ్ల దాకా వాటితోనే తినాలి, మాట్లాడాలి, నిద్రపోవాలి. అంత కాలంలో ఒక్క తీగ కూడా గుచ్చుకోకుండా, ఒక్క బ్రాకెట్ కూడా ఊడకుండా గడవడం అరుదు. ఇలాంటిది జరిగినప్పుడు చాలా ఇళ్లలో నొప్పిని చూసే నిర్ణయం తీసుకుంటారు. తీగ గుచ్చుకుని పిల్ల ఏడిస్తే అర్ధరాత్రి ఆస్పత్రి కోసం వెతుకుతారు. బ్రాకెట్ ఊడి తీగకు వేలాడుతున్నా, నొప్పి లేదు కదా అని వచ్చే నెల అపాయింట్‌మెంటు దాకా ఆగుతారు. ఈ లెక్క తలకిందులుగా ఉంది. క్లిప్పుల విషయంలో నొప్పికీ ప్రమాదానికీ పొంతన చాలా తక్కువ. బాగా బాధపెట్టేవాటిలో ఎక్కువ భాగం ఇంట్లోనే సర్దుకునేవి. అసలు బాధే పెట్టనివి కొన్ని చికిత్సను నెలల తరబడి వెనక్కి నెడతాయి, మరికొన్ని పంటి మీద చెరగని మచ్చ వదులుతాయి. ఈ తేడా తెలిసిన కుటుంబం అనవసరంగా భయపడదు, అవసరమైన చోట ఆలస్యం చేయదు.

క్లిప్పు ఎందుకు ఊడుతుంది?

ముందుగా క్లిప్పులు ఎలా పనిచేస్తాయో తెలియాలి. ప్రతి పంటికీ ఒక చిన్న బ్రాకెట్ అతికిస్తారు. వాటన్నిటి గాడిలోంచి ఒక తీగ వెళ్తుంది. ఆ తీగ జారిపోకుండా ప్రతి బ్రాకెట్‌కూ చిన్న రబ్బరు రింగో, సన్నటి స్టీలు కట్టో ఉంటుంది. వంగిన తీగ తన అసలు ఆకారానికి తిరిగి వెళ్లాలని లాగే మెత్తటి బలమే పంటిని కదుపుతుంది. పన్ను కదిలే వైపు ఎముక కరుగుతుంది, వెనక వైపు కొత్త ఎముక పడుతుంది. మొదటి నెలల్లో వాడే నికెల్ టైటానియం తీగలు 1970లలో దంతవైద్యంలోకి వచ్చాయి. ఎంత వంచినా మెల్లగా, నిలకడగా లాగడం వాటి గుణం. ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒకటుంది. పంటి మీద పనిచేసే ఆ బలం తీగ నుంచి బ్రాకెట్ ద్వారానే చేరుతుంది. బ్రాకెట్ పంటిని వదిలేసిన రోజు నుంచి ఆ పంటికి చికిత్స ఆగిపోయినట్టే. పక్క పళ్లు కదులుతూనే ఉంటాయి, అది మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది, లేదా వెనక్కి జారుతుంది. అయినా ఏ నొప్పీ ఉండదు.

బ్రాకెట్ ఊడితే చాలామంది మొదట అనుమానించేది డాక్టరు పనితనాన్ని. జిగురు మంచిది వాడి ఉంటే ఎందుకు ఊడుతుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, కానీ దీనికి సమాధానం ఆ జిగురు తయారీలోనే ఉంది. ఒకప్పుడు ప్రతి పంటికీ లోహపు పట్టీ తొడిగి దానికి బ్రాకెట్ అతికించేవారు. 1955లో మైకేల్ బ్యూనోకోర్ అనే అమెరికన్ దంతవైద్యుడు పంటి ఎనామెల్‌ను ఆమ్లంతో కాస్త గరుకు చేస్తే రెసిన్ దాన్ని గట్టిగా పట్టుకుంటుందని చూపించాడు. నేడు బ్రాకెట్లను నేరుగా పంటికే అతికించగలగడానికి మూలం అదే. అయితే చికిత్స ముగిశాక ఆ బ్రాకెట్‌ను ఎనామెల్ చెక్కకుండా తీయాలి. అందుకే ఆ అతుకు నమలడానికి తట్టుకునేంత గట్టిగా, అవసరమైతే పంటిని వదిలేసేంత మెత్తగా ఉండేలా రూపొందిస్తారు. కరెంటు ఎక్కువైతే ఇంటి వైరింగు కాలకుండా ముందు ఫ్యూజు పోతుంది కదా, ఇక్కడా అంతే. గట్టి పదార్థాన్ని కొరికితే ఎనామెల్ పగలకుండా ముందు అతుకు వదులుతుంది. మరీ గట్టిగా అతికిస్తే నష్టపోయేది పన్నే. మరోమాట కూడా ఉంది. నల్లగొండ జిల్లాలోను, కనిగిరి ప్రాంతంలోను తాగునీటి ఫ్లోరైడ్ వల్ల ఫ్లోరోసిస్ వచ్చిన పళ్లు ఎక్కువ. అలాంటి ఎనామెల్ మీద అతుకు మామూలు పళ్ల మీద ఉన్నంత బలంగా ఉండకపోవచ్చు. పళ్ల మీద తెల్ల చారలో, గోధుమ రంగు మచ్చలో ఉన్నవాళ్లు మొదటి రోజే డాక్టరుతో ఈ సంగతి మాట్లాడుకుంటే ఊడిపోవడాల లెక్క ఇద్దరికీ ముందే తెలుస్తుంది. ఒకే పంటి బ్రాకెట్ పదేపదే ఊడితే మాత్రం ఎదుటి పన్ను దానికి తగులుతోందేమో చూడమని అడగాలి.

ఏది ఇప్పుడే, ఏది రేపు, ఏది ఆగవచ్చు

క్లిప్పుల సమస్యలు మూడు తరగతులు. మొదటిది క్షణం కూడా ఆగకూడనిది. ఇందులో చేరేవి చాలా తక్కువ, కానీ వీటిలో ఆలోచించడానికి సమయం ఉండదు. ఊడిన బ్రాకెట్టో, తీగ ముక్కో గొంతులో అడ్డుపడి ఊపిరి ఆడకపోతే అది ప్రాణం మీది మాట. గట్టిగా దగ్గగలుగుతుంటే దగ్గనివ్వాలి. మాట రాక, గాలి ఆడక గొంతు పట్టుకుంటుంటే ముందుకు వంచి రెండు భుజాల మధ్య అరచేతి మడమతో ఐదు సార్లు బలంగా కొట్టాలి. అప్పటికీ రాకపోతే వెనక నుంచి పొట్ట చుట్టూ చేతులు వేసి, బొడ్డుకు కాస్త పైన పిడికిలితో ఐదు సార్లు లోపలికీ పైకీ నొక్కాలి. ముక్క బయటపడేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తూ, పక్కనున్నవాళ్లతో 108కు ఫోన్ చేయించాలి. ముక్క మింగేశాక ఏ బాధా లేకపోతే సాధారణంగా అది కొన్ని రోజుల్లో మలంతో పోతుంది. అయినా డాక్టరుకు ఆ రోజే చెప్పాలి. దగ్గు ఆగకపోయినా, ఛాతీలో ఈల శబ్దం వచ్చినా, మింగుతుంటే నొప్పి వేసినా ఆస్పత్రికి వెళ్లి ఎక్స్‌రే తీయించాలి. ముక్క ఊపిరి గొట్టంలోకి వెళ్లి ఉంటే మొదటి దగ్గు తగ్గిన తర్వాత కొంతసేపు అంతా సర్దుకున్నట్టే కనిపించవచ్చు. ఆ నెమ్మదిని నమ్మకూడదు.

ముఖం వాచి, జ్వరం వచ్చి, నోరు తెరవడం లేదా మింగడం కష్టమైతే అది తీగ సమస్య కాదు, పంటి కిందో చిగురు లోపలో చీము పట్టిన సూచన. నాలుక కింద వాపు, కంటి దాకా పాకే వాపు ఇంకా ప్రమాదం. వీటికి నొప్పి మాత్రలతో రాత్రి గడిపే అవకాశమే లేదు. ఆటలో దెబ్బ తగిలి పన్ను కదిలినా, లోపలికి దిగినా, ఊడినా అదీ మొదటి తరగతే. క్లిప్పులున్న నోట్లో తీగ పళ్లను కలిపి పట్టుకుంటుంది కనుక పూర్తిగా ఊడి కింద పడడం తక్కువే. పడితే మాత్రం అది శాశ్వత దంతమైతే వేరును ముట్టకుండా పైభాగం పట్టుకుని, మట్టి అంటితే పాలతోనో చల్లటి శుభ్రమైన నీళ్లతోనో క్షణాల్లో కడిగి, వీలైతే ఆ గుంటలోనే తిరిగి పెట్టాలి. వీలుకాకపోతే పాలల్లో వేసి దంతవైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. గంటలోపు, అందులోనూ మొదటి అరగంటలో చేరితే పన్ను నిలిచే అవకాశం బాగుంటుంది. నీళ్లలో నానబెడితే వేరు మీది కణాలు చనిపోతాయి. పాలపన్ను అయితే తిరిగి పెట్టకూడదు.

రెండో తరగతిలోవి ఆ రోజో మర్నాడో ఫోన్ చేయవలసినవి. బ్రాకెట్ ఊడడం, చివరి దవడ పంటికి అతికించిన చిన్న గొట్టంలోంచి తీగ జారిపోవడం, తీగ విరగడం, అంగిలికి అమర్చిన పరికరం కదలడం, ఎముకలో పెట్టిన చిన్న స్క్రూ వదులవడం ఇందులోవి. ప్రాణానికి వచ్చిన ప్రమాదం ఏమీ లేదు, చాలాసార్లు నొప్పీ ఉండదు. కానీ ఇవి చికిత్సను ఆపేస్తాయి, కొన్నిసార్లు పంటిని అనుకోని దిక్కుకు తిప్పుతాయి. అపాయింట్‌మెంట్లు సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలకు ఒకటి ఉంటాయి కనుక, ఈ వారం ఊడిన బ్రాకెట్‌ను మరో ఆరు వారాలు వదిలేస్తే ఆ పంటికి ఆరు వారాలు పోయినట్టే. ఇలాంటివి రెండు మూడు కలిస్తే రెండేళ్ల చికిత్స మరికొన్ని నెలలు సాగుతుంది. చివరికి చికిత్స ఎందుకు సాగిందో ఎవరికీ అర్థం కాదు.

మూడో తరగతి ఆగదగ్గది, అసలు భయపెట్టేది కూడా ఇదే. తీగ మార్చిన కొన్ని గంటలకు మొదలై మరుసటి రోజు ఎక్కువయ్యే నొప్పి, నమలలేకపోవడం, పళ్లు కదులుతున్నట్టు అనిపించడం, బుగ్గ లోపల పుండ్లు, తీగ కొన గుచ్చుకోవడం, ఒకటి రెండు రబ్బరు రింగులు ఊడడం ఇందులోకి వస్తాయి. తీగ నొప్పి సాధారణంగా మూడు నాలుగు రోజుల్లో సగం, వారంలో దాదాపు పూర్తిగా తగ్గుతుంది. ఈ నొప్పికి కారణం వేరు చుట్టూ ఉన్న పొర మీది ఒత్తిడి. అది చికిత్స పనిచేస్తోందన్న లక్షణమే. అయితే వారం దాటాక కూడా పెరుగుతున్న నొప్పి, ఒక్క పంటి మీదే ఉండి రాత్రి నిద్ర లేపే నొప్పి ఈ కోవలోవి కావు. అవి రెండో తరగతికి చేరతాయి, డాక్టరును అడగాలి.

ఇంట్లో చేయదగ్గవి, చేయకూడనివి

గుచ్చుకునే తీగకు మొదటి మందు మైనం. క్లిప్పులు వేసిన రోజే చాలా క్లినిక్‌లలో ఒక చిన్న డబ్బా ఇస్తారు. ఇవ్వకపోతే అడిగి తెచ్చుకోవాలి. ఆ చోటును దూదితో తుడిచి బాగా ఆరనిచ్చి, శనగగింజంత మైనాన్ని వేళ్ల మధ్య వెచ్చబరిచి తీగ కొస మీద నొక్కితే చాలు. తడి ఉంటే మైనం నిలవదు, చాలామందికి మైనం పనిచేయదనిపించడానికి కారణం అదే. తీగ కొన బాగా పైకి లేచి ఉంటే కడిగిన పెన్సిల్ రబ్బరుతోనో, దూది పుల్ల వెనక కొసతోనో మెల్లగా పంటి వైపు వంచవచ్చు. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి రోజూ మూడు నాలుగు సార్లు పుక్కిలిస్తే పుండ్లు తొందరగా మానుతాయి. లవంగ నూనె పూయడం, మాత్రను చిగురు మీద పెట్టుకోవడం మాత్రం మానాలి. అవి మెత్తటి పొరను కాల్చి కొత్త పుండు చేస్తాయి. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది. మోతాదు పిల్లల బరువును బట్టి డాక్టరు చెప్పినంతే. ఇబుప్రోఫెన్ లాంటివి ఎక్కువ కాలం వాడితే పంటి కదలికకు కావలసిన రసాయనాలను అణచివేయవచ్చు కనుక అవి డాక్టరు చెబితేనే వాడాలి. పిల్లలకు ఆస్పిరిన్ అసలు వద్దు.

ఊడిన బ్రాకెట్ తీగకు వేలాడుతుంటే దాన్ని పీకకూడదు. కదలకుండా చుట్టూ మైనం పెట్టి ఫోన్ చేయాలి. పూర్తిగా బయటికి వచ్చేస్తే చిన్న డబ్బాలో దాచి వెంట తీసుకువెళ్లాలి. తీగ బుగ్గలోకి దిగి, డాక్టరు ఒకటి రెండు రోజులు అందుబాటులో లేకపోతే, ఫోన్‌లో వారి సూచన తీసుకుని, స్పిరిట్‌తో తుడిచిన గోళ్లు కత్తిరించే కట్టర్‌తో కొస కత్తిరించవచ్చు. కత్తిరించేటప్పుడు తల ముందుకు వంచి, కొస కింద మడిచిన గుడ్డ పెట్టి ముక్క గొంతులోకి పోకుండా పట్టుకోవాలి. ఇది చివరి మార్గం, రోజూ చేసుకునే పని కాదు. బ్రాకెట్‌ను ఇంట్లోని సూపర్ గ్లూతో అతికించడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. అందులోని రసాయనాలు చిగుళ్లను కాలుస్తాయి, బ్రాకెట్ తప్పు చోట అతుక్కుంటే తీగ పంటిని తప్పు దిక్కుకు తిప్పుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. డాక్టరు పట్నంలో ఉంటాడు, ఊరు నుంచి మూడు గంటల ప్రయాణం, పిల్లవాడు ఇంటర్ హాస్టల్లో ఉంటాడు, చిన్న చిన్న వాటికి పరుగెత్తడం కుదరదు అంటారు. నిజమే, మన ప్రాంతంలో ఇది పెద్ద సమస్య. పదో తరగతిలో మొదలుపెట్టిన చికిత్స మధ్యలో పిల్లలు విజయవాడకో హైదరాబాదుకో రెసిడెన్షియల్ కాలేజీకి వెళ్లిపోతారు. అలాంటప్పుడు చేయదగ్గది మూడు తరగతుల లెక్కను తెలుసుకుని, రెండో తరగతి సమస్యకు వాట్సాప్‌లో నోటి ఫోటో పంపి ఎప్పుడు రావాలో అడగడం. ఒక్క ఫోన్‌తో డాక్టరు ఎంతసేపు అవసరమో ముందే లెక్కవేసి సమయం కేటాయించగలుగుతాడు, మీరు ఊరకే వెళ్లి తిరిగి రావలసిన పని తప్పుతుంది. ఊరు మారేముందు పళ్ల ఎక్స్‌రేలు, అచ్చులు, చికిత్స వివరాలు తీసుకుని వెళ్తే కొత్త ఊళ్లో ఆర్థోడాంటిస్ట్ చికిత్సను కొనసాగించగలడు. చదువు కోసం అమెరికా వెళ్లే పిల్లలకు ఈ కాగితాలు మరీ అవసరం.

నొప్పి పెట్టని శత్రువు

మొత్తం చికిత్సలో సాధారణంగా కనిపించే ఒక శాశ్వత నష్టం ఏ నొప్పీ లేకుండా జరుగుతుంది. బ్రాకెట్ చుట్టూ పాచి నిలిచిపోతే అందులోని సూక్ష్మజీవులు చక్కెరను తిని ఆమ్లం తయారుచేస్తాయి, ఆ ఆమ్లం ఎనామెల్‌లోని ఖనిజాన్ని లాగేస్తుంది. నాలుగు వారాల్లోనే తెల్లటి మచ్చలు కనిపించే స్థితి రావచ్చని 1980ల నాటి పరిశోధనల నుంచే తెలుసు. బ్రాకెట్లు తీసిన రోజున పళ్లు వరుసగా ఉన్నా, మధ్య మధ్యలో ముద్రలా తెల్ల చతురస్రాలు మిగిలితే రెండేళ్ల శ్రమకు ఫలితం సగమే. అందుకే తిన్న ప్రతిసారీ పుక్కిలించాలి. రోజూ రెండు సార్లు, బ్రష్‌ను బ్రాకెట్ పైన ఒకసారి, కింద ఒకసారి వంచి తోముకోవాలి. తీగ కిందికి వెళ్లే సన్నటి ఇంటర్‌డెంటల్ బ్రష్ రాత్రి పూట తప్పకుండా వాడాలి. ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్టు ఎనామెల్‌ను కాపాడుతుంది. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదన్న నిబంధన ఉంది. ఫ్లోరోసిస్ ఉన్న ఊళ్లవాళ్లు పేస్టు, మౌత్‌వాష్ ఎంపిక గురించి డాక్టరును అడిగి పాటించాలి.

అసలు నివారణలో సగం వంటింట్లోనే ఉంది. బ్రాకెట్లను ఊడగొట్టేవి గట్టివి, జిగటవి, ముందు పళ్లతో కొరకవలసినవి. జంతికలు, చెగోడీలు, సకినాలు, పల్లీ చిక్కీ, వేయించిన శనగలు, మరమరాల ఉండ, చెరకు, ఎముక ముక్క, ఐసుగడ్డ, వక్క, మామిడి తాండ్ర, జీడిపాకం, అరిసె లాంటివి ఇందులోకి వస్తాయి. పండగలకు ఇవి చేయని ఇల్లుండదు కనుక ఇక్కడా ఒక అభ్యంతరం ఉంది. రెండేళ్ల పాటు పండగ రుచులు కోల్పోవడానికి పిల్లలు ఎందుకు ఒప్పుకుంటారు? పూర్తిగా మానమని చెప్పడం వల్ల చాటుగా తినడం మొదలవుతుంది, అది ఇంకా నష్టం. మెత్తటి వాటిని ఆ స్థానంలో పెట్టడం మేలు. బొబ్బట్టు, సున్నుండ, పూతరేకు, పెరుగు వడ, పాయసం, కేసరి తినవచ్చు. మొక్కజొన్న గింజలు ఒలిచి ఉడికిస్తే తినవచ్చు, జామకాయను సన్నటి ముక్కలు చేసి వెనక పళ్లతో నమిలితే తినవచ్చు, మాంసాన్ని ఎముక తీసి పెట్టవచ్చు. తీపి తిన్నాక తోముకోవాలన్నది మాత్రం సడలించకూడదు. పెన్ను కొరకడం, గోళ్లు కొరకడం, పళ్లతో సీసా మూతలు తీయడం కూడా తిండి లాగే ఊడగొడతాయి. కబడ్డీ, క్రికెట్, బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లకు క్లిప్పుల మీద సరిపోయే మౌత్‌గార్డ్ గురించి డాక్టరును అడగడం మంచిది. క్లిప్పులున్నప్పుడు పెదవికి దెబ్బ తగిలితే గాయం లోపలి నుంచే ఎక్కువ లోతుగా అవుతుంది.

ఇంకా ఒక మాట హెచ్చరికగా చెప్పాలి. సందు మూయడానికి రెండు పళ్ల చుట్టూ రబ్బరు బ్యాండ్ వేసుకునే ఇంటి చిట్కాలు, ఫ్యాషన్ కోసం అమ్మే తాత్కాలిక క్లిప్పులు సామాజిక మాధ్యమాల్లో తిరుగుతున్నాయి. రబ్బరు బ్యాండ్ చిగురు కిందికి జారి, వేరు వెంట పైకి పోయి, చుట్టూ ఎముకను కరిగించిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఈ ప్రక్రియలో మొదట్లో నొప్పి ఉండదు, బ్యాండ్ ఎక్కడికి పోయిందో కూడా తెలియదు. ఆ పళ్లు తర్వాత నిలవకపోవచ్చు.

ఇది చదవడం పూర్తయ్యాక మూడు పనులు చేయండి. మీ డాక్టరు నంబరును, అందుబాటులో లేకపోతే పిలవదగ్గ రెండో క్లినిక్ నంబరును, 108ని అందరికీ కనిపించేచోట రాసి పెట్టండి. మైనం, చిన్న అద్దం, ఇంటర్‌డెంటల్ బ్రష్, ఉప్పు పొట్లం, ఊడిన ముక్కలు దాచే చిన్న డబ్బా ఒక సంచిలో సర్ది పిల్లల బ్యాగులో వేయండి. సమస్య వచ్చిన ప్రతిసారీ ఎంత నొప్పిగా ఉందని అడగడానికి ముందు, ఊపిరి ఆడుతోందా, ముఖం వాచిందా, ఏదైనా ఊడిందా అని వరుసగా అడగండి. ఆ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులే మీరు ఎంత తొందరగా కదలాలో చెబుతాయి.